ఇరవై నిమిషాల బాడుగ

ముందు ఇంజను ఆపు.
కాఫీ తర్వాత.
నీ కళ్ళు చూశాను,
బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుకల్లా ఉన్నాయి.
కాన్ థో దాటిన దగ్గర్నుంచీ
రెప్పలతో కుస్తీ పడుతున్నావు కదూ?
ఒప్పుకోవులే. ఎవరూ ఒప్పుకోరు.

ఇక్కడ పద్నాలుగు వల ఉయ్యాలలు,
తాటాకు లాంటి ఆకు కప్పు కింద, ఇనుప గుంజలకు.
నీలం, పచ్చ,
ఒకదానికి తన రంగేదో తనకే జ్ఞాపకం లేదు.
కాఫీ పదిహేను వేల డాంగులు.
నిద్ర ఊరికే.
బోర్డు మీద రాసింది కాఫీ అనే,
నా సరుకు మాత్రం ఇదీ.

ఆ మూల గురక తూంగ్‌ది.
డ్రాగన్ పళ్ళ లారీ, తెల్లారకముందే బయల్దేరాడు.
వచ్చీ రాగానే కోడి మీద అరిచాడు,
స్పూను మీద అరిచాడు, నా మీదా అరిచాడు.
లేచాక చూడు,
అదే కోడికి జేబులోంచి నూకలు తీసి వేస్తాడు.

లాటరీ టికెట్లమ్మే లుయేన్ ఆ పక్కన.
కళ్ళు మూసినా వేళ్ళు టికెట్లు లెక్కపెడుతూనే ఉంటాయి,
తర్వాత ఒక్కో వేలూ ఊరుకుంటుంది,
చిటికెన వేలు అందరికన్నా ఆఖర్న.

పదకొండేళ్ళుగా పరాయి మగాళ్ళ నిద్ర చూస్తున్నాను
(నవ్వకు, నా వయసు అరవై రెండు).
మెడ పక్కన ఒక నరం ఉంటుంది.
వచ్చేటప్పుడు అది
పందెం పడవ మోటారులా కొట్టుకుంటుంది.
పదో నిమిషానికి ఎవరో మోటారు ఆపి
తెడ్డు అందుకున్నట్టుంటుంది.
క్లినిక్ డాక్టరమ్మ దీనికేదో పేరు చెప్పింది,
గుండెకు మంచిదంది, తలకు మంచిదంది.
నాకు ఆ నరం చాలు.

ఇరవై నిమిషాలే కానీ.
గరిటెతో గ్లాసు మీద మూడు దెబ్బలు కొడతాను.
అది దాటితే నిద్ర బురద,
కాలు దిగుతుంది, చెప్పు రాదు.
పొద్దువాలాక వచ్చినవాళ్ళకు ఉయ్యాల ఇవ్వను.
రేవులో టికెట్లు చింపే ముసలాయన
నాలుగింటికి పడుకుని
రాత్రంతా బల్లులతో కబుర్లు చెప్పేవాడు.
ఇప్పుడు మానేశాడు. బల్లులకే దిగులు.

ఒక సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పను మామూలుగా.
వానాకాలం. నీ ఈడువాడే, చేపల మేత లారీ.
టైము లేదు పిన్నీ, కవర్లో పోసివ్వు అన్నాడు.
పోశాను. స్ట్రా కూడా గుచ్చిచ్చాను.
మూడు కిలోమీటర్ల అవతల కాలువలో
లారీ తలకిందులుగా దొరికింది.
రోడ్డు మీద బ్రేకు వేసిన మరకే లేదట.
రెప్ప వేసినంతసేపే అన్నారు పోలీసులు.
చిల్లర తీసుకోవడం మర్చిపోయాడు.
అయిదు వేలు. ఆ డబ్బాలో ఉన్నాయి ఇంకా.
అప్పట్నుంచి కవర్లో పోయడం మానేశాను,
ముందు ఇంజను ఆపు అంటున్నాను.

పోయిన నెల డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి
అంకె చూసి పెదవి విరిచింది.
మధ్యాహ్నం ఏం చేస్తుంటావు అంది.
అందరినీ పడుకోబెడతాను అన్నాను.
మరి నువ్వో? అంది.
ఆ ప్రశ్న చెప్పులో రాయిలా ఇంటిదాకా వచ్చింది.

నిన్న లుయేన్ నా చేతిలో గరిటె లాక్కుంది.
ఆ రంగు మరిచిన ఉయ్యాలలో పడుకున్నాను,
ఒక్క క్షణం అనుకుని.
లేచేసరికి ఎండ గుంజ మారింది.
కాఫీలు ఎవరికి వాళ్ళే పోసుకున్నారు,
డబ్బు మూత కింద పెట్టారు,
ఒక్క నోటూ తగ్గలేదు.
మోకాళ్ళు నావి కావేమో అనిపించింది,
అంత తేలిగ్గా లేచాను.
మా ఆయన మీద ఇరవయ్యేళ్ళ నాటి కోపం ఒకటి
వెతికితే దొరకలేదు కాసేపు,
సాయంత్రానికి దొరికిందనుకో.

వింటున్నావా అబ్బాయ్?

ఒక చెప్పు అప్పుడే జారి పడింది.
ఉయ్యాల తనంతట తనే ఊగి ఆగుతోంది.

పన్నెండూ నలభై.
ఇంతకీ
గరిటె ఎక్కడ పెట్టాను?