పైన నేల లేదు

మా బావ చెంగల్రాయుడు కళ్లారా చూసే అమ్మినాడు.
బంగారుపాళ్యం దారిలో ఆ పల్ప్ ఫ్యాక్టరీ
బాయిలరు ఆరిపోయి రెండు నెలలు.
గేటు ముందర తోతాపురి ట్రాక్టర్లు
రసం కారి, ఈగలు ముసిరి
ఒకటొకటే ఎనక్కి తిరిగినాయి.

తనవి కాని షేర్లు పదివేలు
పొద్దున అమ్మి, పడినాక మాపటికి కొనేది.
ఆ పూట ఎందరిదో అదే లెక్క.
దూరేటప్పుడు వాకిలి వెడల్పు ఎవురూ చూడలా.

పదకొండుకు పుకారు: కంపెనీని ఎవురో కొంటుండారంట.
అమ్మినోళ్లంతా కొనేదానికి ఎగబడితే
అమ్మేవాడు ఒక్కడూ లేడు.
తెర మీద అప్పర్ సర్క్యూట్.
వాకిలి మూసుకునింది.

కాయ రాలితే నేల ఉండాది, ఆగుతాది.
పైకి పొయ్యేదానికి ఏముండాది అడ్డం?

షేర్లు ఇయ్యలేక వేలానికి పోయినాయి.
దామలచెరువు మండీలో తువ్వాల కింద
వేళ్లు పట్టి బేరమాడిన మనిషి,
ఈ వేలంలో ఎవురి వేళ్లూ తగల్లా.
ధర మాత్రం మెసేజిలో వచ్చింది.

అక్క కమ్మలు కుదవ పెట్టి వస్తా వస్తా
నా బండి ఆపించి
ఫ్యాక్టరీ గోడకి అరచెయ్యి ఆనించినాడు.

చల్లగానే ఉండాది రా, అన్నాడు,
నేను చెప్పలా?