లెక్క తప్పిన నిద్ర

కరెంటు బిల్లు వెనక నేను గీసిన దారిలో
ఊళ్ళ పేర్లు లేవు.
నరీన్ దాటాక మొదటి మరుగుదొడ్డి,
డోలోన్ కనుమ మలుపుల్లో
ఎర్మెక్ వాంతి చేసుకునే చోటు,
అక్కడికో నిమ్మచెక్క, రెండు సంచులు.
నూట ఎనభై కిలోమీటర్లంటాడు తలాంత్‌బెక్.
పిల్లల కొలతలో అది
తొమ్మిది 'ఇంకెంత దూరం'లు,
మూడు అలకలు,
ఒక నిద్ర.

ఆ ఒక్క నిద్రే లెక్క తప్పింది.
సరిగ్గా ఇసిక్-కుల్ ఒడ్డున కారాగే వేళకి
నోరు తెరుచుకుని
వెనక సీట్లో ఒరిగిపోయింది బెగిమాయ్.
సరస్సు సరస్సు అంటూ
నెల్లాళ్ళుగా మా ప్రాణాలు తోడేసిన పిల్ల.

లేపడానికి మనసొప్పలేదెవరికీ.
వంతులేసుకుని దిగాం నీళ్ళలోకి
దొంగల్లా, చప్పుడు కాకుండా.
ఎర్మెక్ మాత్రం చలికి కెవ్వుమని
తన నోరు తానే మూసుకున్నాడు.

గంట తర్వాత కళ్ళు నులుముకుంటూ
"వచ్చేసిందా?" అంది.
టీ గిన్నెలో పట్టి ఉంచిన నీళ్ళు
ఒలకకుండా అందించాడు అన్న.
వేలు ముంచి, నాకి,
మొహం చిట్లించింది:
"ఇంతేనా? పైగా ఉప్పు ఎక్కువైంది."

ఏమీ అనకుండా
అటువైపు తలుపు తీశాను.