చుట్లు

పాట మొదలు కాకముందే ఒకటి వినపడేది.
పాట అనలేం, చప్పుడు అని కూడ అనలేం.
గోడ అవతల ఎవరో నోరు మూసుకొని
ఒకే అక్షరం పట్టుకొని కూసున్నట్టు
మ్‌మ్‌మ్‌మ్...

మలక్‌పేటల రెండో అంతస్తు, ఒక్కటే అర్ర.
కింద తులసమ్మ గారి ఫ్రిజ్ లేస్తే
నా స్పీకర్ల టిక్కుమంటది.
ఓనర్ బోరు మోటరు వేస్తే
వయొలిన్‌కు జలుబు చేస్తది.

పొద్దంతా నాది చెవుల కొలువు.
కోఠి చెవుల దవాఖానల, అద్దాల అర్రల కూసోబెట్టి
హెడ్‌ఫోన్ తొడిగి
"వినపడితే వేలెత్తున్రి" అంటా.
లేవని వేళ్లను కాగితం మీద చుక్కలు పెడతా.
చుక్కలు కలిపితే ఎప్పుడూ దిగుడే,
మెట్లబావి లెక్క.

వహీద్ సాబ్ చుక్కలు పెట్టింది నేనే.
ట్రూప్ బజార్ల ఒక మిద్దె మెట్ల కింద
నలభై ఏండ్లుగా ట్రాన్స్‌ఫార్మర్లు చుడతడు.
సన్న శబ్దాలన్నీ పోయినయి.
మిషిన్ పెట్టుకొమ్మంటే వద్దన్నడు.
"వినాల్సినవి వినేసిన బేటా,
ఇంక మిగిలినయి బేరాలే."

ఆంప్లిఫయర్‌తోని వచ్చిన నల్ల అడాప్టర్‌ను
అరచేతిల ఎగరేసి చూసిండు.
"బరువే లేదు.
బరువు లేనిది కరెంటును ఎట్ల మోస్తది?"

గారె లెక్క నడుమ చిల్లున్న ఇనుము.
చిల్లులకెల్లి రాగితీగ పోతది, వస్తది, పోతది.
ఉర్దూల లెక్క, పెదవుల మీదనే.
చాయ్ పిల్లగాడు వచ్చిండు, గ్లాసు పెట్టి పోయిండు.
ఎవరో ఫ్యాన్ వైండింగ్‌కు ఎంతని అడిగితే
ఎడమచేతి వేళ్లు చూపిచ్చిండు.
లెక్క తెగలేదు.
ఆరువందల పన్నెండు కాడ మాత్రం ఆగి
చల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు.

గుజరాతీ గల్లీల కెపాసిటర్లు కొన్న,
దగ్గుమందు సీసాలంత లావువి.
వాటిల ఒకటి నకిలీ.
పైన రాసింది పదివేలు, కొలిస్తే మూడు.
మళ్ల పోయి కొట్లాడి మార్చుకొచ్చిన.
ఇంటి ఎనక ఎర్తు గుంత ఎండి నెర్రెలు బాసింది.
ఓనర్‌కు చెప్పకుంట దాంట్ల
ఉప్పు, బొగ్గు, రెండు బిందెల నీళ్లు పోసిన.

తయారైన రోజు
వహీద్ సాబ్ కరెంటు ఇచ్చి
స్క్రూడ్రైవర్ మొన ఇనుముకు ఆనిచ్చి
కట్టె పిడిని పండ్ల మధ్య కరుచుకున్నడు.
చెవులు వదిలేసింది ఎముక వింటదట.
కండ్లు మూసుకున్నడు.
నేను ఆయన వేలు దిక్కే చూస్తున్న,
అలవాటు కొద్దీ.
వేలు లేవలేదు.
అట్లనే చాన సేపు ఉన్నడు.
నా కొలువుల ఎన్నడూ చూడని సంగతి,
వేలు లేవనందుకు ఒక మనిషి నవ్వుడు.

ఆ రాత్రి
జుమ్మేరాత్ బజార్ల నూట ఇరవైకి కొన్న రికార్డు పెట్టిన.
కవరు చినిగింది, వాయించినాయన పేరు చినిగిన కాడనే ఉండె.
ముల్లు దిగింది. ఏమీ లేదు.
ఖరాబైందేమో అని లేవబోయిన.
అప్పుడు వినపడ్డది,
కమాను ఎత్తే ముందు ఆయన పీల్చిన ఊపిరి,
ఎవరో గ్లాసు కింద పెట్టుడు,
కుర్చీ కిర్రుమనుడు.
ఇన్నాళ్లూ ఆ మనుషులంతా
మ్‌మ్‌ కిందనే కూసున్నరు.

నిజం చెప్పాలంటే నిద్ర పట్టలేదు.
ఆ ఒక్క అక్షరం లేక
అర్ర పరాయి అర్ర లెక్క ఉండె.

పోయిన బేస్తారం వాన పడ్డది.
ఏడుంబావుకు గల్లీ గల్లంతా చీకటి.
పళ్లెం మెల్లగైంది,
వయొలిన్ మాత్రం ఆగలేదు.
సీసాలల్ల దాసుకున్న కరెంటు పట్టుకొని
ఒక్కో మెట్టు కిందికి, ఇంకా కిందికి,
బొంగురుగా, తొందర లేకుంట.

కిందికెల్లి తులసమ్మ గారు కేకేసింది,
"మీకు ఉన్నదా కరెంటు?"

"జరంత ఉంది" అన్న.
అనేసరికి అది కూడ అయిపోయింది.