తప్పొప్పుల పట్టిక

గవర్నరుపేటలో మందులషాపు వెనక సందు.
ఇరవై రెండేళ్ళు ఆ ప్రెస్సులో
తప్పులు వెతికి బతికాను.
ఒకసారి శుభలేఖలో వరుడు నరుడయ్యాడు.
పెళ్ళి ఆగలేదు. భోజనాలూ బాగున్నాయట.
ఒక్క అక్షరమేగా అని
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ ఎండాకాలం ఇంటర్ జువాలజీ గైడు మీద ఉన్నాం.
దస్తగిరి సీసం అక్షరాలను తిరగేసి పేరుస్తాడు,
వాక్యం అద్దంలో మొహంలా ఉంటుంది.
"ఇది చదవడానిక్కాదు సార్, అచ్చు తియ్యడానికి."
గైడులోనూ ఆ మాటే ఉంది, ఇంకాస్త కష్టంగా:
కణం లోపలి గదిలో తాళం వేసిన ఫారం.
కేసులో నాలుగే అక్షరాలు.
గుణింతాల్లేవు, ఒత్తుల్లేవు,
దస్తగిరికి అసూయ పుట్టింది.
ఏ ఎదుట టీ, జీ ఎదుట సీ,
ఒక వరస తెలిస్తే రెండోది కళ్ళు మూసుకుని పేర్చొచ్చు.
అసలు ఫారం గడప దాటదు.
దాని మీద తీసిన ప్రూఫే బయటికొస్తుంది,
టీ ఉన్న చోటల్లా యూ పెట్టుకుని,
పనయ్యాక చింపేసే పల్చటి కాగితం.
మూడేసి అక్షరాలకు ఒక్కో సైకిలు కుర్రాడు
ఒక్కో పూస మోసుకొస్తాడు.
పూస పక్కన పూస.
ప్రోటీనే, కానీ ఇంకా దండే.

దండ పని చెయ్యదు. మడత పని చేస్తుంది.
ఇది సోడె కన్నమ్మ చేతుల్లో ముందే చూశాను.
చింతూరు అడవి నుంచి వచ్చి
మా బైండింగు బల్ల దగ్గర కూర్చుంది, చదువు రాదు.
పరిచిన ఫారంలో ఒకటి పక్కన పదహారు,
వాటి నెత్తిన తలకిందులుగా ఎనిమిది, తొమ్మిది,
పిచ్చివాడి లెక్క.
ఎముక బద్దతో మూడు రాపిడులు
సర్, సర్, సర్,
ఎక్కడెక్కడి పేజీలో ఇరుగుపొరుగైపోతాయి.
అట్లాగే ఎక్కడెక్కడి పూసలో ఒకచోట చేరి
గుప్పిటవుతాయి.
ఒక గుప్పిట నోట్లో అన్నం మెతుకును తీపి చేస్తుంది.
ఒక గుప్పిట ఊపిరిని పట్టుకుని
కాలి బొటనవేలి దాకా పోయి వదిలిపెడుతుంది.

కన్నమ్మ కొడుకు జోగయ్య, తొమ్మిదేళ్ళు.
కిందపడ్డ టైపులు ఏరి డబ్బాలో వేసేవాడు.
కొన్ని రోజులు వచ్చేవాడు కాదు.
మోకాళ్ళలో ఎవరో మేకులు దిగ్గొడుతున్నారనేవాడట.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితం నాకిచ్చింది,
చదువొచ్చినవాణ్ణని.
రక్తంలో ఒక గొలుసు, నూట నలభై ఆరు పూసలు.
ఆరో పూస తప్పు.
జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ.
నీటితో చెలిమి చేసే పూస పోయి
నీరంటే గిట్టని పూస కూర్చుంది.
అది దాక్కునే చోటు వెతుక్కుంటూ
పక్కదాని ఒంటికి అతుక్కుంటుంది,
పక్కది ఇంకోదాన్ని లాగుతుంది,
గుండ్రటి కణం కొడవలై
సన్న నాళాల్లో అడ్డం తిరుగుతుంది.
ఒక్క అక్షరమేగా
అనబోయి నోరు మూసుకున్నాను.

"మీ ఇద్దరి దగ్గరా ఉంది ఈ తప్పు,
కాకపోతే ఒక్కో ప్రతిలోనే" అంది డాక్టరమ్మ.
"మరి నాకేం కాలేదే?"
"కాలేదు. మన్యం జ్వరం నుంచి నిన్ను కాచింది కూడా అదే."
కన్నమ్మ చాలాసేపు వేళ్ళు చూసుకుంది.
"నాతో పుట్టినోళ్ళు ముగ్గురు
ఆ జొరంతోనే పోయారు" అంది.
ఎవరితో అందో తెలీలేదు.
ఏలూరు కాలువ గట్టున తిరిగొస్తుంటే
పిల్లాడు నా భుజం మీద,
పుస్తకాల కట్ట కన్నా తేలిక.

ఆ రాత్రి గైడు రెండో ప్రూఫు.
దస్తగిరికి ఇంగ్లీషు టైపులంటే పరమ చిరాకు,
అయినా రాతప్రతిలో ఉన్నట్టే పేర్చాడు:
ఆరో స్థానం. జీటీజీ.
నా ఎర్ర కలం ఆగలేదు.
టీ కొట్టేసి
అంచున ఏ రాశాను.

ఫ్యాను తిరుగుతోంది. ఇంకు ఆరింది.
పొద్దున దస్తగిరి వచ్చి
"ఏంటి సార్, పుస్తకంలో తప్పుండాలిగా ఇక్కడ" అన్నాడు.
ఉండాలి. తప్పును తప్పు లేకుండా వెయ్యాలి.
కొట్టేసిన అక్షరం కింద
మూడు చుక్కలు పెట్టాను.
మా భాషలో దానర్థం
ఉన్నది ఉన్నట్టు ఉంచు.

బల్ల అవతల
సర్, సర్, సర్.