లొల్ల లాకుల దగ్గర ఒక ఎత్తు

కాలవలో ఎత్తంటే నీళ్ళు.
తలుపులు బిగించి, తూము విప్పి
కొబ్బరికాయల పడవని మూడు మూరలు లేపడం.
బల్ల మీద ఎత్తంటే నాలుగంకెలు.
తొందరపడితే రెండూ చెడతాయి.
జీతం మాత్రం మొదటిదానికే.

ఆత్రేయపురం గ్రంథాలయంలో ఓ చిరిగిన పత్రిక,
ఉత్తరాల మీద చదరంగమాడేవాళ్ళ చిరునామాలు.
చీటీ మీద దింపుకొచ్చాను.
నలభై రోజులకి లైప్జిగ్ నించి కార్డు:
5254. కింద సంతకం, ఎక్హార్ట్ లిండెకె.
అంతే. భాషక్కర్లేని మనిషనుకున్నాను.

నేను 5756 వేశాను.
ఈసారి అంకెల కింద సన్నటి రాత.
ఆదివారం బస్సెక్కి రాజమండ్రి లూథరన్ ఆసుపత్రికెళ్తే
జర్మనీ సిస్టర్ల దగ్గర పెరిగిన నర్సు దైవకృపమ్మ
కళ్ళజోడు తుడుచుకుని చదివింది:
"మొదటిసారి బంటు రెండు గడులు నడవచ్చు, తెలుసా?"
మా తాత నేర్పిన ఆటలో బంటుది ఒక్కడుగేనండి, అని రాయించాను.
"అలా ఒక్కడుగేస్తే ఫ్రెంచి పద్ధతంటారు" అని ఆయన.
అయ్యుండొచ్చు, యానాం మాకు దగ్గరే.

ఏం ఉద్యోగమని అడిగాడు.
లాకు లస్కరు, అన్నాను.
కార్డు నిండా నవ్వు:
"ఆ పేరుగలాయన ఒకప్పుడు మా ప్రపంచ విజేత.
నీతో జాగ్రత్తగా ఆడాలి."

అలా కార్డు అంచున ఒక్కో ముక్కగా
ఆయన బతుకు అందింది, వరసలో కాదు.
ట్రాము నడిపేవాడి కొడుకట.
పదిహేడేళ్ళకే ఊరి ఛాంపియనట,
బహుమతి ఒక జత బూట్లు, కాలికి పట్టనివి.
యుద్ధంలో రష్యావాళ్ళకి దొరికి
చెరలో రొట్టె పిసికి పావులు చేశాడట,
సగం పావులకి బీట్‌రూట్ రంగు.
ఓ రాత్రి ఎదుటివాడు ఆకలికాగలేక
తన ఏనుగుని తనే తినేసి
ఓడిపోయానని చెయ్యి చాపాడట.
"ఆ గెలుపు ఎక్కడా రాసుకోలేదు."
చదివి, దైవకృపమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది.

తరవాత పెద్ద పోటీ.
ఆఖరి రోజు, గెలిచే ఆటలో
గుర్రాన్నెత్తి, ఎక్కడ పెట్టాలో తెలిసీ
పక్క గడిలో పెట్టాడు.
అర పాయింటు తక్కువై గ్రాండ్‌మాస్టరు కాలేదు.
ఎందుకలా పెట్టారండీ, అని అడిగించాను.
మూడు కార్డుల దాకా ఆ మాట లేదు.
నాలుగోదాంట్లో: "దాహం వేసింది."

గోడ కట్టాక బయటి పోటీలకి పంపలేదట.
పగలు గడియారాలు బాగుచేసేవాడు,
చదరంగం గడియారాలు, రెండు ముఖాలవి.
సాయంత్రం మిల్లు పిల్లలకి పాఠం.
రాత్రి కార్డులు: ఒకటి చిలీకి, ఒకటి ఫిన్లాండుకి, ఒకటి లొల్లకి.
గ్లోబు మీద నా ఊరు వెతికితే
నీలం తప్ప కనపళ్ళేదట.
"సముద్రంలో ఉంటావా?"
జూలైలో దాదాపు అంతేనండి, ఆయ్.

ఆరేళ్ళు.
ముప్ఫైతొమ్మిదో ఎత్తుకి నాకు గెలుపు కనపడింది.
ఏనుగు ఒక్క గడి జరిగితే చాలు.
జరపలేదు.
గడువు ముప్ఫై రోజులుంటే ముప్ఫయ్యీ వాడాను.
పనికిరాని ఎత్తులు రెండు వేశాను.
ఆయన పట్టేశాడు:
"లస్కర్, నా గుర్రం పని చేస్తున్నావు. నీకూ దాహమా?"

సిగ్గేసింది. ఆ రాత్రే లాంతరు కింద రాసేశాను, నలభై రెండోది.

ఆ కార్డు తిరిగొచ్చింది.
నా అంకెల మీద ఊదారంగు ముద్ర,
కొట్టేసిన చిరునామా, ఒక బాణం గుర్తు.
"వెనక్కి" అని చదివింది దైవకృపమ్మ.
పక్కన ఇంకో మాట ఉంది, చదవలేదు. నేనడగలేదు.
బంటుకి వెనక్కి లేదు కదమ్మా, అన్నాను.

ఇవాళ ఎగువనించి గడ్డి పడవొచ్చి కూత పెట్టింది.
బల్ల కిటికీ దగ్గరే ఉంది.
తెల్ల పావులు తుడుస్తాను, కదపను,
ఎత్తు ఆయనది.
తూము విప్పాను.
సరంగు కేకలేస్తున్నాడు, ఇంకెంతసేపని.
నీళ్ళు నిండాలి కదా.