చీటీలో లేని గడి

రాయపురంలో ఆ రోజుల్లో
ఉదయం ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగు.
"సన్యాసం పుచ్చుకున్నారా ఏం, ఇంటిల్లిపాదీ?"
అనేది పక్కింటి దమయంతమ్మ, తన చీర దులుపుకుంటూ.

హార్బర్లో శాంపిళ్ళు తీసే ఉద్యోగం నాది.
బళ్ళారి నుంచి వ్యాగన్లలో దిగిన ఖనిజాన్ని
గరిటెతో తీసి, సంచి కట్టి, చీటీ రాసేవాణ్ణి:
తేమ ఇంత, ఇనుము ఇంత.
వయసు అనే గడి ఉండేది కాదు.

ఉంటే ఏం రాసేవాణ్ణి?
చేపలింకా పుట్టని సముద్రం,
ఇనుము కరిగిన ఆకుపచ్చ నీళ్ళు.
కంటికానని జీవులేవో ఊపిరి వదిలితే
సముద్రానికి తుప్పు పట్టింది.
ఒక పొర తుప్పు, ఒక పొర చెకుముకి, మళ్ళీ తుప్పు,
అడ్డచారల జంపఖానాలా అడుగున పరుచుకుంది.
అది కొండై లేచాక
ఎన్ని యుగాల వానలో చెకుముకిని కరిగించి పట్టుకుపోయాయి,
ఇనుమును మోయలేక వదిలేశాయి.

సేలం రాయి వేరు.
అవే చారలు, నేల లోతున ఉడికి నల్లబడ్డాయి.
మన రెడ్‌హిల్స్ ఎరుపుకైతే సముద్రమే అక్కర్లేదు,
ఎండా వానా చాలు.

మొన్న కాశిమేడు ఒడ్డున
వలలు అల్లే ఇళంగో కొడుకు
పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి ఈడుస్తున్నాడు.
దానికి నల్లటి మీసం మొలిచింది.
"ఇదెలా వచ్చింది తాతా?"
అల చేటతో చెరిగిందిరా,
తేలికది పోయింది, బరువైంది మిగిలింది.

ఖనిజం ఓడలు ఆగి ఏళ్ళయింది.
పంచెలు తెల్లగానే ఆరుతున్నాయి.
దమయంతమ్మ మాత్రం
తీగ మీది చీర ఇప్పటికీ
రెండుసార్లు దులిపే మడత పెడుతుంది.