నాలుగో డ్రమ్ము

మొదటి డ్రమ్ము మే నెలది.
గుంటూరులో ఉంటూ మే నెలని లెక్కలోకి తీసుకోని మనిషి ఉండదు,
నేనున్నాను.
పుస్తకంలో ఇరవై డిగ్రీలని రాసుంది,
అది ఏ ఊరి ఇరవయ్యో.
బ్రాడీపేటలో మూడో అంతస్తు, నీళ్ల ట్యాంకు పక్క గది.
బార్లీ నీళ్లలో వేసిన ఈస్టు
పూనకమొచ్చినట్టు ఊగింది.
తెల్లారేసరికి నురగ గోడెక్కి
స్విచ్‌బోర్డు దాకా పాకింది.
రుచి చూస్తే
మగ్గిన అరటిపండుకి గోళ్లరంగు పూసి నాకినట్టు.

పగలు నా ఉద్యోగం రక్తపరీక్షల సెంటర్లో.
ప్లేట్ల మీద పెరిగినవాటికి పేర్లు పెట్టి
ఏ మందుకి చస్తాయో రాసిస్తాను.
రాత్రి ఇంటికొచ్చి
చావకండర్రా అని బతిమాలుకుంటాను.

రెండోసారి చల్లదనం కోసం
డ్రమ్ముని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి
తడి గోనెపట్టా చుట్టాను.
మిర్చియార్డు ముఠామేస్త్రీ అంకమ్మరావు ఇచ్చిన పట్టా.
"కడిగిందేనమ్మా" అన్నాడు.
కడిగిందే.
మా ఊళ్లో కడిగిందంటే
నాలుగు తుమ్ములు తగ్గాయని.
పట్టా సర్దిన చేత్తోనే మూత తీశాను.
సీసాల్లోకి దించాక
మొదటి గుక్క మామూలుగానే దిగింది,
రెండోది గొంతులో కూర్చుని కాసేపు ఆలోచించింది,
మూడోదానికి రత్నకిశోర్ లేచి
పెరుగు గిన్నె వెతుక్కున్నాడు.
ఆ తప్పుని దిద్దే దారి లేదు.
పారబోయలేదు మాత్రం.
ఆదివారం కోడిని అందులో నానబెడితే
మా ఆడపడుచు, ఏం వేశావు వదినా అని
మూడుసార్లు అడిగింది.
మసాలా అన్నాను.

మూడోది పులిసింది.
ఆ పులుపు నాదని ఒప్పుకోడానికి వారం పట్టింది.
నా చేతుల శుభ్రమ్మీద నాకు పొగరు.
కింద వాటా మరియదాసు గారు
ముప్ఫై ఏళ్లు డెయిరీ గేటు దగ్గర నిలబడి
పాలు వాసన చూసి లారీలు వెనక్కి తిప్పిన మనిషి.
మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కొచ్చి,
డ్రమ్ము మీదికి వంగి, కళ్లు మూసుకుని,
"కుళాయి విప్పావా?" అన్నాడు.

మరిగే నీళ్లు పోశాను. బ్రష్షు పెట్టి తోమాను.
విప్పలేదు.
విప్పితే, రబ్బరు వాషరు వెనక
సన్నగా, గోధుమరంగు జిగురు,
ఉంగరంలా.
దాన్ని పుల్లతో గీకి
మర్నాడు సెంటర్లో ప్లేటు మీద రాశాను.
రెండ్రోజులకి మొలిచాయి, ముత్యాల్లా, వరసగా.
వాటి పేరు నాకు తెలుసు.
ఏ మందుకి చస్తాయో చూడాలని
ఆ ఒక్కసారీ అనిపించలేదు.

జనవరి.
ఏడాదిలో మా ఊరికొచ్చే ఇరవై డిగ్రీలు
ఈ మూడు వారాలే.
కుళాయి విప్పాను, ఉడకబెట్టాను, బిగించాను.
పట్టా లేదు, టబ్బు లేదు.
ఈస్టు వేసి కూర్చున్నాను.
మొదటిరోజు గాలిగొట్టంలో బుడగ లేదు.
రెండోరోజు లేదు.
చెయ్యి మూత మీదికి పోతుంది.
కలిపితే? ఇంకో చిటికెడు చల్లితే?
కాస్త పంచదార?
మెట్ల కింద నుంచి మరియదాసు గారి గొంతు:
"తోడేసిన గిన్నె కుదిపితే తోడుకుంటదా తల్లీ?"
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
మూడోరోజు గొట్టంలో నీళ్లు
నన్ను చూస్తున్నాయి, నేను వాటిని.

నాలుగోరోజు రాత్రి రత్నకిశోర్
ఫోను మాట్లాడుతూ, చూసుకోకుండా
డ్రమ్ము మూత మీద మోచెయ్యి ఆనించాడు.
గుడుక్.
మోచెయ్యి తీశాడు. నిశ్శబ్దం.
ఆనించాడు. గుడుక్.

మూత ఓ పక్క సరిగా కూర్చోలేదు, అంతే.
ఊపిరంతా ఆ సందులోంచి పోతోంది.
లోపల అది నాలుగు రోజులుగా
నేను చూడని చోట
తన పని తాను చేసుకుంటూనే ఉంది.

నోట్‌బుక్కు తీసి రాశాను:
తప్పు: ఏమీ లేదు.
కొట్టేసి, కింద మళ్లీ రాశాను:
తప్పు: మూత.
దిద్దుబాటు: మోచెయ్యి.